వైద్యుడు లేని ఇంటికి పుస్తకం రాసిన హకీమ్ రాజీ

మన ఇళ్ళలో అరవై దాటిన పెద్దవాళ్ళ చేయి ఒకసారి పట్టి చూడండి. జబ్బ మీదో, ముంజేతి మీదో గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి. అవి మశూచి టీకా మచ్చలు. పిల్లలు అవేమిటని అడిగితే నానమ్మలు, దాదీమాలు ఆ రోజుల సంగతులు చెబుతారు. ఊరికి మశూచి వచ్చిందంటే ఏ ఇంట ఎవరు మిగులుతారో తెలిసేది కాదు. బతికినవారిలో కొందరికి చూపు పోయేది, ముఖమంతా గుంటలు పడేది. ఆ మహమ్మారి 1975లో మన దేశం వదిలింది. 1977లో సోమాలియాలో ఈ వ్యాధి సహజంగా సోకిన చివరి రోగి కోలుకున్నాడు. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ ఈ వ్యాధి భూమి మీద లేదని ప్రకటించింది.

ఈ వ్యాధి లక్షణాలేమిటో, దానికీ తట్టుకూ తేడా ఏమిటో విడమరచి, ఆ రెండింటి కోసమే ఒక ప్రత్యేక గ్రంథం రాసిన వైద్యుడు ఒకరున్నారు. పదకొండు వందల ఏళ్ళ క్రితం నాటి ముస్లిం హకీమ్ ఆయన. పేరు అబూ బక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా రాజీ. ఆయన జీవితాన్ని ఈ శుక్రవారం పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ముందుగా పేరు గురించి ఒక మాట. మన పాఠకుల్లో చాలామందికి రాజీ అనగానే ఖుర్ఆన్ వ్యాఖ్యాత ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ గుర్తుకు వస్తారు. ఆయన దాదాపు మూడు వందల ఏళ్ళ తరువాతి వారు. ఇరాన్‌లో నేటి టెహ్రాన్ పక్కన రయ్ అనే పాత నగరం ఉంది. ఆ ఊరివారిని రాజీ అంటారు. మన తెలుగులో రాజీ అంటే సర్దుకుపోవడం. ఈ హకీమ్ మాత్రం వైద్యం విషయంలో ఎవరితోనూ సర్దుకుపోయిన మనిషి కాదు. యావత్ వైద్యలోకం గురువుగా కొలిచిన గ్రీకు వైద్యుడు జాలీనూస్ రాతల్లో తప్పులున్నాయని ఒక గ్రంథమే రాశారు.

ఆయన హిజ్రీ 251 షాబాన్ నెల మొదటి తేదీన, అంటే క్రీ.శ. 865లో జన్మించారని మహాపండితుడు అల్ బీరూనీ నమోదు చేశారు. యవ్వనంలో సంగీతమంటే ఇష్టపడేవారని, రసాయన విద్య మీద మక్కువతో కొలుముల ముందు గంటల తరబడి కూర్చునేవారని చరిత్రకారులు చెబుతారు. ఆ పొగకు, ఘాటుకు కళ్ళు దెబ్బతినడం వల్లనే వైద్యం వైపు మళ్ళారని ఒక కథనం. ఏది ఏమైనా వైద్య విద్యలోకి ఆయన కాస్త ఆలస్యంగానే అడుగుపెట్టారు. అయినా కొద్ది కాలంలోనే రయ్ ఆసుపత్రికి అధిపతి అయ్యారు. తరువాత బాగ్దాదులో కూడా పెద్ద ఆసుపత్రిని నడిపారు.

బాగ్దాదు గురించి ఒక ప్రసిద్ధ కథ ఉంది. కొత్త ఆసుపత్రికి స్థలం ఎంచమని రాజీని అడిగారట. ఆయన నగరంలో పలుచోట్ల మాంసం ముక్కలు వేలాడదీయించి, ఎక్కడి ముక్క ఆలస్యంగా కుళ్ళిందో అక్కడ కట్టమన్నారట. ఈ కథను అజుదీ ఆసుపత్రికి ముడిపెట్టి చెప్పడం మామూలు. కానీ ఆ ఆసుపత్రి రాజీ మరణించిన యాభై ఏళ్ళకు పైన కట్టినది. కాబట్టి కథలో పేరైనా తప్పు కావాలి, కథ అయినా తరువాత అల్లినది కావాలి. గాలి, నీరు, పరిసరాల మీద ఆయనకున్న పట్టింపును జనం ఎలా గుర్తుపెట్టుకున్నారో చెప్పడానికి మాత్రమే దీన్ని ఇక్కడ ప్రస్తావించాము.

ఆయన కొలువు ఎలా ఉండేదో ఇబ్నున్ నదీమ్ రాసిపెట్టారు. పెద్ద తల ఉన్న ముసలి హకీమ్ మధ్యలో కూర్చునేవారు. ఆయన ముందు శిష్యులు, వారి ముందు వారి శిష్యులు, వారి ముందు మరికొందరు వరుసలుగా కూర్చునేవారు. రోగి వచ్చి తన బాధను మొదట బయటి వరుసకు చెప్పుకునేవాడు. వారికి తెలిస్తే సరే, లేకపోతే లోపలి వరుసకు. ఎవరికీ అంతుపట్టనిది చివరకు రాజీ దగ్గరకు చేరేది. పేదలను ఆయన ఉత్త చేతులతో పంపేవారు కారు. మందుతోపాటు తిండికి, ఖర్చులకు కూడా తన దగ్గర నుంచి ఇచ్చి, స్వయంగా సేవ చేసేవారు. ఎవరు ఎప్పుడు వెళ్ళినా ఏదో ఒకటి రాస్తూ కనిపించేవారట.

ఇక అసలు విషయం. ఒక రాత్రి ఒక పెద్దమనిషి ఇంట్లో కొందరు కూర్చుని మాట్లాడుకుంటుండగా మశూచి ప్రస్తావన వచ్చింది. రాజీ తనకు తెలిసింది చెప్పారు. విన్న గృహస్థుడు దీన్ని పుస్తకంగా రాస్తే జనానికి మేలని కోరాడు. అలా పుట్టింది కితాబుల్ జుదరీ వల్ హస్బా. జుదరీ అంటే మశూచి, మన ఉర్దూలో చేచక్. హస్బా అంటే తట్టు, ఉర్దూలో ఖస్రా. సంస్కృతంలో మశూచిని మసూరిక అన్నారు, పొక్కులు మసూర్ పప్పు గింజల్లా ఉంటాయని. ఒక్కో భాష ఒక్కో పేరు పెట్టింది. అయితే ఒంటి మీద ఎర్రగా ఏది పొక్కినా మన ఊళ్ళలో అమ్మవారు అనే ఒక్క మాటతో సరిపెట్టినట్టే, ఆనాటి జనం కూడా ఈ రెండు జబ్బులను కలిపే చూసేవారు.

రాయడానికి ముందు రాజీ ఒక పని చేశారు. ఆయన మాతృభాష ఫార్సీ, రాసేది అరబీ. పాత గ్రీకు వైద్యులు మశూచి గురించి ఏమన్నారో తెలుసుకోవాలని గ్రీకు, సుర్యానీ భాషలు వచ్చినవారిని కలిసి అడిగారు. అరబీలోకి అనువాదమైన గ్రంథాల్లో ఉన్నదానికంటే మించి ఆ భాషల్లో ఏమైనా ఉందా అన్నది ఆయన ప్రశ్న. ఎవరూ కొత్తగా ఏమీ చెప్పలేకపోయారు. చాలామందికి ఆయన ఏ జబ్బు గురించి అడుగుతున్నారో కూడా సరిగా అర్థం కాలేదట. అప్పుడే ఆయన తన రోగుల మంచాల పక్కన చూసినదాన్ని ఆధారం చేసుకుని కలం పట్టారు.

పుస్తకం చిన్నది, 14 అధ్యాయాలు. మశూచి రాబోయే ముందు విడవని జ్వరం, నడుము నొప్పి, ముక్కులో దురద, నిద్రలో ఉలికిపాటు ఉంటాయని ఆయన గమనించారు. తట్టులో నడుము నొప్పి అంతగా ఉండదు. వికారం, ఆందోళన ఎక్కువ. తల్లికి గానీ, ఇంటి పెద్దకు గానీ అర్థమయ్యే గుర్తులివి. పొక్కులు లేచిన తరువాత అన్నిటికంటే ముందు కళ్ళను కాపాడుకోమని చెప్పారు. గులాబీ నీరు చుక్కలుగా వేయడం, సుర్మా పెట్టడం, గొంతు కోసం పుల్లటి దానిమ్మ రసం పుక్కిలించడం, పొక్కులు ఎండే దశలో ఏం చేయాలి, మచ్చలు తగ్గడానికి ఏం రాయాలి, పత్యం ఏమిటి, ఎలాంటి పొక్కులు ప్రాణాంతకం, ఇవన్నీ వరుసగా రాశారు. ఆ మందులు నేడు వాడవలసినవని మేము చెప్పడం లేదు. రోగి పక్కన కూర్చున్నవారికి గంటగంటకూ ఏం చూడాలో చెప్పిన తీరును గమనించమంటున్నాము.

రాజీ పొరబడిన చోటు కూడా చెప్పాలి. ద్రాక్షరసం పొంగి పులిసినట్టు పసితనంలోని రక్తం పొంగి పక్వమయ్యే క్రమంలో మశూచి వస్తుందని ఆయన నమ్మారు. అందుకే దాదాపు ప్రతి బిడ్డకూ వస్తుందని అనుకున్నారు. ఒకరి నుంచి మరొకరికి అంటుకుంటుందన్న సంగతి ఆయన పట్టుకోలేకపోయారు. చిత్రమేమిటంటే అంటువ్యాధి విషయంలో ఏం చేయాలో ముస్లిం సమాజానికి అప్పటికే తెలుసు. ప్లేగు ఉన్న ప్రాంతంలోకి పోవద్దని, ఉన్న ప్రాంతం నుంచి పారిపోయి రావద్దని దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆదేశించారు. హజ్రత్ ఉమర్ (రజి) షామ్ దేశానికి వెళుతూ అక్కడ తాఊన్ ప్రబలిందని విని, సర్గ్ అనే చోటు నుంచే వెనుదిరిగారు. ప్లేగు అంటుకునేదేనని కళ్ళముందున్న ఉదాహరణలతో వాదించిన వైద్యుడు 14వ శతాబ్దంలో గ్రనాడాలో కనిపిస్తారు. ఆయన పేరు ఇబ్నుల్ ఖతీబ్. ఏ ఒక్క హకీమూ అంతా చూడలేడు కదా.

రాజీ రాసిన మరో పుస్తకం మాకు మరింత ప్రీతిపాత్రం. దాని పేరు మన్ లా యహ్జురుహుత్ తబీబ్. వైద్యుడు దగ్గర లేనివాడి కోసం అని అర్థం. పేదల వైద్యం అనే మరో పేరుతోనూ దాన్ని పిలిచారు. రాజాస్థానాల్లో దొరికే అరుదైన దినుసులు ఇందులో లేవు. బజారులో, ఇంటి వంటగదిలో, సైనికుల గుడారాల్లో దొరికే వస్తువులతో ఏ బాధకు ఏం చేయవచ్చో తల నుంచి కాలు వరకు వరుసగా చెప్పారు. రాజుల కోసం రాయడం ఆయనకు చేతకాక కాదు. రయ్ పాలకుడు మన్సూర్ బిన్ ఇస్‌హాఖ్ పేరు మీద కితాబుల్ మన్సూరీ అనే పెద్ద గ్రంథమే అంకితమిచ్చారు. అదే కలంతో సామాన్యుడికీ రాశారు. ఈ పుస్తకం ఎంత పేరు పొందిందంటే, షియా పండితుడు షేఖ్ సదూఖ్ తన సుప్రసిద్ధ హదీసు సంకలనానికి దీన్ని చూసే పేరు పెట్టుకున్నారు. ఫఖీహ్ దగ్గర లేనివాడి కోసం అని ఆ పేరుకు అర్థం. ధర్మశాస్త్ర పండితుడు అందుబాటులో లేని ఇంటికి ఆ గ్రంథం, వైద్యుడు అందుబాటులో లేని ఇంటికి ఈ గ్రంథం.

జనం మంచి వైద్యుణ్ణి వదిలి నాటు మోసగాళ్ళ వెంట ఎందుకు పోతారన్న విషయం మీద కూడా ఆయన ప్రత్యేకంగా రాశారు. ఆ బాధ పాతబడలేదు. 2017లో తట్టు, రుబెల్లా టీకాలు బడుల్లో వేస్తున్నప్పుడు ఆ సూదితో పిల్లలు పుట్టరని, మరేదో జరుగుతుందని ఫోన్లలో పుకార్లు తిరిగాయి. కొందరు తల్లిదండ్రులు ఆ రోజు పిల్లల్ని బడికే పంపలేదు.

ఇప్పుడు రాజీ మశూచి పుస్తకం దేశాలు తిరిగిన కథ. అనువాదం ఎంత మేలు చేస్తుందో, ఒక్క తప్పు మాట ఎంత కీడు చేస్తుందో రెండూ అందులో ఉన్నాయి. మధ్యయుగంలోనే ఆ పుస్తకం గ్రీకులోకి వెళ్ళింది. అనువదించినవారు జుదరీ అన్న మాటకు గ్రీకులో మహామారి అనే అర్థం వచ్చే మాట వాడారు. 1498లో వెనిస్‌లో జార్జియో వల్లా ఆ గ్రీకు ప్రతి నుంచి లాటిన్‌లోకి తెచ్చినప్పుడు అది మహామారి గురించిన పుస్తకంగానే అచ్చయింది. ప్లేగుతో విలవిలలాడుతున్న యూరపులో ఆ పేరు చూసి పుస్తకం తెరిచినవాడికి లోపల మశూచి పొక్కుల గురించి, కళ్ళలో వేసే గులాబీ నీటి గురించి ఉంటే ఏమనుకుని ఉంటాడు! రాజీ జీవితమంతా ఒక జబ్బును మరో జబ్బుతో కలపవద్దని చెప్పారు. ఆయన పుస్తకానికే ఆ గతి పట్టింది.

అరబీ మూలాన్ని నేరుగా చూసి సరిదిద్దుకోవడానికి రెండున్నర శతాబ్దాలు పట్టింది. హాలండులోని లైడెన్ నగరంలో ఒక అరబీ వ్రాతప్రతి ఉంది. దాని ఆధారంగా చేయించిన లాటిన్ అనువాదాన్ని లండన్ వైద్యుడు రిచర్డ్ మీడ్ 1747లో మశూచి మీద తాను రాసిన గ్రంథానికి జతచేశారు. 1766లో జాన్ చానింగ్ అరబీ మూలం, లాటిన్ అనువాదం పక్కపక్కన పెట్టి లండన్‌లో అచ్చు వేయించారు. 1848లో గ్రీన్‌హిల్ ఇంగ్లీషులోకి తెచ్చారు. ఆ మధ్య కాలంలో ఫ్రెంచిలోకీ వెళ్ళింది. మొత్తం మీద వివిధ భాషల్లో దీనికి నలభై దాకా ముద్రణలు వచ్చాయని లెక్క. ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో ఆవు మశూచితో టీకా వేసి చూసే నాటికి, ఆ జబ్బు మీద యూరపు వైద్యులు చదివిన పుస్తకాల్లో బాగ్దాదు హకీమ్ రాసిన ఈ చిన్న పుస్తకం కూడా ఉంది.

మన దేశంలో మశూచిని తరిమిన చివరి రోజుల్లో ఆరోగ్య సిబ్బంది చేతిలో ఒక అట్టముక్క ఉండేది. దాని మీద మశూచి సోకిన పసివాడి ఫోటో. రాష్ట్రానికో భాష, జిల్లాకో యాస ఉన్న దేశంలో ఇంటింటికీ వెళ్ళి ఆ బొమ్మ చూపించి, ఇలాంటి బిడ్డ ఎవరింట్లోనైనా ఉన్నాడా అని అడిగేవారు. సమాచారం ఇచ్చినవారికి బహుమతి కూడా పెట్టారు. చివరకు అది వెయ్యి రూపాయల దాకా పెరిగింది. ఏ పొక్కులు మశూచివో, ఏవి కావో సామాన్యుడే గుర్తించాలి. హిజ్రీ నాలుగో శతాబ్దం నాటికే రాజీ మాటలతో చేసిన పనిని ఆ ఫోటో చేసింది.

ఆయన పుస్తకంలోని రెండు జబ్బుల్లో ఒకటి పోయింది. రెండోది, తట్టు, మన మధ్యనే ఉంది. 2023లో ప్రపంచమంతటా లక్షమందికి పైగా దీనివల్ల చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో ఎక్కువమంది అయిదేళ్ళలోపు పిల్లలే. 2022 చివరలో ముంబయిలో, ముస్లిం కుటుంబాలు ఎక్కువగా ఉండే గోవండీ ప్రాంతంలో తట్టు ప్రబలి పసిపిల్లలు మరణించారు. టీకా వేయించుకోని ఇళ్ళు అక్కడ చాలా ఉన్నాయి. అధికారులు మసీదుల సాయం కోరారు, మౌలానాలు ముందుకు వచ్చారు. పోలియో రోజుల్లో ఉత్తరప్రదేశ్‌లోనూ ఇదే జరిగింది. చుక్కల మందు మీద అనుమానంతో తలుపులు మూసుకున్న మొహల్లాల్లో ఉర్దూ కరపత్రాలు, ఉలమాల విజ్ఞప్తులు, మసీదు మైకులు ఆ తలుపులు తెరిపించాయి. 2011 జనవరి తరువాత మన దేశంలో సహజ పోలియో వైరస్ కేసు రాలేదు. 2014 మార్చి 27న దేశం పోలియో రహితమని ధ్రువీకరించారు.

మన తెలుగు ముస్లిం ఇళ్ళ సంగతి వేరుగా ఉంటుంది. ఒకే ఇంట్లో దాదీమాకు ఉర్దూ తప్ప చదవడం రాదు, కోడలికి తెలుగు లిపి మాత్రమే వచ్చు, మనవడికి ఇంగ్లీషు బడి. గోడమీద అంటించే కాగితం ఒక్క భాషలో ఉంటే ఆ ఇంట్లో ఒక్కరికే చేరుతుంది. జ్వరంతో ఉన్న బిడ్డ ఎవరి ఒళ్ళో ఉంటాడో ఆ మనిషికి అది చేరకపోవచ్చు కూడా. తట్టు టీకా తొమ్మిది నెలలు నిండగానే ఒకటి, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య రెండోది ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా వేస్తారు. ఇది చదివినవారు చదవలేనివారికి చదివి వినిపించాలని మా మనవి.

రాజీ చివరి రోజులు బాధతో గడిచాయి. జీవితమంతా రోగుల కళ్ళు కాపాడమని చెప్పిన హకీమ్ కళ్ళు మసకబారి, శుక్లాలు కమ్మి చూపు పోయింది. శస్త్రచికిత్స చేయించుకోమంటే లోకాన్ని చూసింది చాలని వద్దన్నారని ఒక కథ. ఎవరో పాలకుడు ఆయన పుస్తకంతోనే తలమీద కొట్టించడం వల్ల చూపు పోయిందన్న మరో కథ కూడా ఉంది గానీ దాన్ని మేము నమ్మము. ఆయన తాత్విక భావాల మీద ఆనాటి పండితులు గట్టి అభ్యంతరాలు తెలిపారు. ఆయన ఊరివాడే అయిన అబూ హాతిమ్ రాజీ వాటిని ఖండిస్తూ ఒక గ్రంథం రాశారు. ఆ చర్చ పండితులది. మేము ఇక్కడ చెప్పుకున్నది వైద్యుడి గురించి. హిజ్రీ 313 షాబాన్ 5న, క్రీ.శ. 925లో, పుట్టిన ఊళ్ళోనే ఆయన కన్నుమూశారు. తరువాత బీరూనీ కూర్చుని ఆయన రచనలను లెక్కిస్తే 184 తేలాయి.

ఇంట్లో మాత్రం గుట్టలుగా రాతప్రతులు మిగిలాయి. చదివిన ప్రతి గ్రంథం నుంచి, చూసిన ప్రతి రోగి నుంచి రాసుకున్న గమనికలు. గ్రీకు, సుర్యానీ, ఫార్సీ, అరబీ వైద్యులవే కాక మన చరకుడు, సుశ్రుతుడి పేర్లూ అందులో ఉన్నాయి. వజీరు ఇబ్నుల్ అమీద్ ఆ కాగితాలను రాజీ సోదరి దగ్గర కొని, శిష్యులను కూర్చోబెట్టి వరుసలో పెట్టించారు. అదే కితాబుల్ హావీ. 1279లో సిసిలీలో ఫరజ్ బిన్ సాలిమ్ అనే యూదు పండితుడు దాన్ని లాటిన్‌లోకి మార్చాడు. 1486లో అది ఇటలీలోని బ్రెషియాలో అచ్చయింది. అరబీ మూలం మాత్రం వ్రాతప్రతుల్లోనే ఉండిపోయింది. దాన్ని పూర్తిగా అచ్చు వేసే పనిని మన హైదరాబాదు చేపట్టింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని దాయిరతుల్ మఆరిఫ్ 1955లో మొదటి సంపుటం వెలువరించింది. ప్రపంచంలోని ప్రతులను సరిపోల్చుకుంటూ 23 సంపుటాలు పూర్తి చేసింది.